అరువు నాలుక

"ఉప్పు సరిపోయిందా?"

వంటమాస్టర్ గరిటె చివర కాస్త పులుసు తీసి, ఊది చల్లార్చి, భార్య నోటికి అందించాడు. ఫలితం కోసం చూసే బడిపిల్లాడిలా ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ కళ్లు మూసుకుని చప్పరించింది.

"మీకేమనిపిస్తోంది?"

"నాకేమనిపిస్తుంది, నా నాలుక చెక్కముక్క అయిపోయిందిగా. వేసిన లెక్క చూస్తే కొంచెం తగ్గిందేమోనని అనుమానం."

"అదే చెప్పబోతున్నా. కొంచెం తగ్గింది."

మాస్టర్ చిటికెడు ఉప్పు వేసి హమ్మయ్య అనుకున్నాడు.

పాపం, ఆయన కష్టం పగవాడికి కూడా వద్దు. పోయిన నెల జ్వరమొచ్చి ఆలుమగలిద్దరినీ మంచాన పడేసింది. వచ్చింది వచ్చినట్టు పోయినా బాగుండేది. పోతూ పోతూ మాస్టర్ నాలుక మీది రుచినీ ముక్కులోని వాసననీ మూటగట్టుకుని మరీ పోయింది. "వస్తుంది, తొందరపడకండి" అన్నాడు డాక్టరు. డాక్టరుకేం, ఎన్నయినా చెబుతాడు. రుచి తెలియని వంటవాడని బయటికి పొక్కితే మర్నాడే గరిటె కింద పెట్టమంటారు. అందుకని హోటల్లో ఏ కూర దించినా కింది వంటవాళ్లను పిలిచి, "రుచి చూసి లోపమేంటో చెప్పండి, నేర్చుకోవాలి మరి" అని గురువుగారి వేషం వేసి నెట్టుకొచ్చాడు. ఇంట్లో మాత్రం ప్రశాంతంగా ఉంది. నెల రోజులుగా ఏ కూరకీ ఎవరూ వంకపెట్టలేదు.

సరిగ్గా ఇప్పుడే హోటల్ యజమాని ఇంకో హోటల్ తెరుస్తున్నాడు. దానికి పెద్ద వంటమాస్టర్ కావాలి. ఎన్నేళ్ల నుంచో మాస్టర్ కలలుగంటున్న ఉద్యోగం అది. అయితే యజమానికి ఒక పద్ధతి ఉంది. "హోటల్ వంటలో పదిమంది చేతులు పడతాయి. మనిషి అసలు చెయ్యి తెలియాలంటే వాళ్లింటికెళ్లి తినాలి" అంటాడు. ఈ పూట భోజనానికి వస్తానని, కాడ్ చేప క్యాప్సికం వేసి చెయ్యమని కబురు పెట్టాడు.

"ఇవాళ నా బతుకంతా నీ నాలుక మీదే ఉంది" అన్నాడు మాస్టర్ పొద్దున్నే.

"ఉండనివ్వండి, అదేమంత బరువు కాదులే" అంది ఆవిడ.

చేపముక్కల తడిని పొడిగుడ్డతో అద్ది పక్కన పెట్టాడు. ఎర్రవీ పసుపుపచ్చవీ క్యాప్సికం కాయలు నిలువుగా చీల్చి, ఇంకో పెనం మీద నూనెలో వేశాడు. పులుసులో టమాటా దగ్గరపడిందో లేదోనని ఇద్దరూ తలలు వంచి గిన్నెలోకి చూస్తున్నారు.

"వదినా, మీ ఇంట్లో ఏదో మాడుతోంది" అని పక్కింటావిడ కిటికీలోంచి కేకేసింది.

మాస్టర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్య మాత్రం తొణకలేదు.

"మాడనియ్ వదినా. అంచులు నల్లబడితేనే క్యాప్సికం తియ్యగా ఉంటుంది."

"నిజమేనోయ్. నేనెప్పుడూ అలాగేగా చేస్తాను" అని మాస్టర్ తేరుకుని మంట తగ్గించాడు. క్యాప్సికం పులుసులో కలిపి, దాని మీద చేపముక్కలు పేర్చి మూత పెట్టాడు. దించే ముందు నిమ్మకాయ తీసుకుని మళ్లీ ఆగిపోయాడు.

"పిండనా?"

ఆవిడ ఇంకోసారి చప్పరించింది. "ఎంత పిండుదామని?"

"సగం చెక్క చాలేమో."

"సగమే చాలు. అంతకన్నా వద్దు."

"నా మనసులో దూరి చెప్పినట్టే చెబుతున్నావే."

"ఇన్నేళ్ల కాపురం మరి."

యజమాని వచ్చాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. తర్వాత ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"నువ్వూ కూర్చో మాస్టర్. ఒక ముక్క తిని, ఎలా ఉందో నువ్వే చెప్పు."

మాస్టర్ భార్య వైపు చూశాడు. భార్య గిన్నె పట్టుకుని మధ్యలోకి వచ్చింది.

"వండినాయన్ని అడిగితే బాగుందనే అంటారు కదండీ. ఇంకో ముక్క వేసుకుని మీరే చెప్పండి."

యజమాని నవ్వేశాడు. ఇంకో ముక్క వేసుకున్నాడు. ఆ తర్వాత అడక్కుండానే మరొకటి వేసుకున్నాడు. చివరికి రొట్టెముక్కతో పళ్లెం అద్దంలా తుడిచి తిన్నాడు.

"చేప విరగలేదు. క్యాప్సికం తీపి ఎక్కడికీ పోలేదు. ఉప్పూ పులుపూ తూచి వేసినట్టున్నాయి. ఇంక వేరేవాళ్లింటికి వెళ్లను మాస్టర్, కొత్త హోటల్ వంటగది నీదే" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

తలుపు వేసీ వేయగానే మాస్టర్ భార్య చేతులు రెండూ పట్టుకున్నాడు. సంతోషానికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఈ ఉద్యోగం నాది కాదు, నీ నాలుకది. నువ్వు లేకపోతే నేను ఉప్పుడబ్బా ముట్టుకునేవాణ్ని కూడా కాదు. నాకు రుచి తిరిగొచ్చేదాకా రోజూ నాతోపాటు హోటల్‌కి రావాలి."

"నేనొచ్చి ఏం చెయ్యాలండీ?"

"ఏముంది, ఇవాళ చేసిందే చెయ్యి. రుచి చూసి చెబితే చాలు."

ఆవిడ ఖాళీ గిన్నె కింద పెట్టింది. ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు.

"ఆ జ్వరానికి నా రుచి కూడా పోయిందండీ."