సగం క్షవరం

"సంతకం పెడితేనే మిగతా సగం" అన్నాడు డ్యూయీ, కత్తెర ఆపి.

కుర్చీలో ఉన్న పెద్దాయన అద్దంలోకి చూసుకున్నాడు. కుడివైపు జుట్టు కుదుళ్ల దాకా కత్తిరించి ఉంది. ఎడమవైపు జుట్టు చెవి మీదికి వేలాడుతోంది.

"దేని మీద బాబూ?"

డ్యూయీ గోడకు అంటించిన కాగితం చూపించాడు. అలబామాలోని పెల్టన్ ఊళ్లో అప్పటికే నాలుగు వందల మంది దాని మీద సంతకాలు పెట్టారు. సెప్టెంబరులో ఉత్తరాదిలోని హాల్డేన్ యూనివర్సిటీతో జరగాల్సిన ఫుట్‌బాల్ ఆట రద్దు చేసి, ఆ వారం ఏ చిన్న కాలేజీనో పిలవండని పెల్టన్ కాలేజీ బోర్డుకి విన్నపం.

"మావాడు గారెట్ ఈ ఊరి కాలేజీ జట్టులో ఆడుతున్నాడండీ. వాడికిదే ఆఖరి ఏడు. చివర్లో కప్పు కోసం జరిగే ప్లేఆఫ్‌కి వెళ్లేది దేశం మొత్తానికి పన్నెండు జట్లే. కొండలాంటి హాల్డేన్ చేతిలో ఓడారంటే వాడి ఆశ గంగలో కలిసినట్టే" అన్నాడు డ్యూయీ.

పెద్దాయన కాగితం మొత్తం చదివాడు.

"నేను పెట్టను బాబూ."

"ఏం?"

"హాల్డేన్‌తో గట్టిగా పోరాడి ఓడినా మీ పిల్లలకి విలువ పెరుగుతుంది. బలం లేని జట్లతోనే ఆడితే పన్నెండు ఆటలకి పన్నెండూ గెలిచినా లాభం లేదు. డిసెంబరులో ప్లేఆఫ్‌కి జట్లను ఎంచే కమిటీ అడిగేది ఒకటే, ఎవరి మీద గెలిచారని."

వెనక బెంచీ మీద ఉడికించిన వేరుశనగకాయలు ఒలుచుకుంటున్న క్లోవిస్ పగలబడి నవ్వాడు.

"విన్నారా? ఓడితే లాభమట! ఈయన్ని కోచ్‌గా పెట్టుకోండ్రా, అన్నీ ఓడిపోయి కప్పు తెచ్చిపెడతాడు!"

డ్యూయీ నవ్వలేదు.

"మాట చూస్తే ఉత్తరాదివాడిలా ఉన్నావు. నిన్ను హాల్డేన్ వాళ్లు పంపారా?"

"అక్కడివాణ్ణే. కానీ ఎవరో పంపితే రాలేదు."

అంతే. డ్యూయీ ఆయన మెడకు కట్టిన గుడ్డ లాగి విదిలించాడు.

"లే పెద్దాయనా. మిగతా సగం మీ ఊళ్లో చేయించుకో."

"బాబూ, రెండింటికి నేనొక చోటికి వెళ్లాలి. ఈ తలతో ఎలా వెళ్లను?"

"టోపీ ఉందిగా!" అన్నాడు క్లోవిస్.

షాపంతా ఘొల్లుమంది.

పెద్దాయన టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మీ అబ్బాయి బాగా ఆడాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే బోర్డు హాల్డేన్ ఆట రద్దు చేసింది. ఊళ్లో కార్ల హారన్లు మోతెక్కిపోయాయి.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాక పెల్టన్ జట్టు నిజంగానే పన్నెండుకి పన్నెండు గెలిచింది. మూడు నెలల పాటు డ్యూయీ కాళ్లు నేల మీద నిలవలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం ఊరివాళ్లు చర్చి నుంచి తిన్నగా డ్యూయీ షాపుకే వచ్చి టీవీ ముందు చేరారు.

ప్లేఆఫ్‌కి ఎంపికైన జట్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు. పది. పదకొండు. పన్నెండు.

పెల్టన్ లేదు.

కమిటీ పెద్ద టీవీలో అన్నాడు. "పెల్టన్ ఒక్క ఆటా ఓడలేదు, నిజమే. కానీ వాళ్లు గెలిచిన జట్లలో గట్టిది ఒక్కటీ లేదు. హాల్డేన్‌తో ఆటను వాళ్లంతట వాళ్లే వదులుకున్నారు."

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అని, కాస్త మర్యాదగా చెప్పాడు.

డ్యూయీ ఫోను మోగింది. అవతల గారెట్.

"ఆ ఆట మేం ఆడతామనే అన్నాం కదా నాన్నా" అన్నాడు. తర్వాత ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

డ్యూయీ టీవీ కట్టేశాడు.

"ఆ ముసలాయన అచ్చం ఇదే చెప్పాడు" అని గొణిగాడు క్లోవిస్.

"ఏ ముసలాయన?" అంది ఇమోజీన్. ఆవిడ కాలేజీ బోర్డులో సభ్యురాలు.

"మార్చిలో ఇక్కడికి వచ్చాడమ్మా. సగం క్షవరం చేసి..." క్లోవిస్ నాలుక కరుచుకున్నాడు.

ఇమోజీన్ మెల్లగా డ్యూయీ వైపు తిరిగింది.

"అది నీ పనా?"

డ్యూయీ తల దించుకున్నాడు.

"ఆ రోజు రెండింటికి ఆయన వచ్చింది మా బోర్డు ముందు మాట్లాడ్డానికి. మీటింగు ప్రార్థనతో మొదలవుతుంది కదా, టోపీ తీయక తప్పలేదు. ఆ తల చూసి ప్రార్థన మధ్యలోనే ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఎవరికీ నవ్వు ఆగలేదు. పాపం ఆయన చెప్పుకుంటూనే ఉన్నాడు, ఒక్క ముక్క మా చెవికెక్కలేదు. నేనూ నవ్వాను డ్యూయీ. దేవుడు క్షమించాలి. ఒకే ఒక్క ఓటు తేడాతో ఆట రద్దయింది."

ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు. డ్యూయీకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇంతకీ ఆయన ఎవరమ్మా? హాల్డేన్ వాళ్ల మనిషేనా?" అన్నాడు.

"ఒకప్పుడు" అంది ఇమోజీన్. "పెద్ద జట్టేదీ మనతో ఆడటానికి ఒప్పుకోని రోజుల్లో, ఈ ఊరి పిల్లలకీ ఒక అవకాశం ఉండాలని తన వాళ్లందరితో పోట్లాడి ఈ ఆట మనకు ఇప్పించి, ఆ పోట్లాటలోనే హాల్డేన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి."