రాళ్ళ మందు

మొదటి రాయి రోజలిన్ చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయింది.

ఆవిడ వెనక్కి చూడలేదు. కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని సందులోంచి బయటికి ఒకటే పరుగు.

సందంటే అనకాపల్లి మెయిన్ రోడ్డులో చీరల కొట్టు వెనకాల, మూతపడ్డ రైసుమిల్లు గోడ వారన ఉన్న ఇరుకు. కొట్టులో పనిచేసే ఆడవాళ్ళకి మరుగు అదొక్కటే. ఓనరు త్రినాధరావు కొట్టునిండా నిలువుటద్దాలు పెట్టించాడు. మరుగుదొడ్డి సంగతి అడిగితే మాత్రం "చూద్దాం" అనేవాడు. అద్దాల్లో చూసుకునేవాడు కాబోలు.

"ఏటే ఆ పరుగు?" అంది మరిడమ్మ, చీరలకి ఫాల్స్ కుడుతూ.

"ఎవడో పిచ్చోడు పిన్నీ. మిల్లు గోడెక్కి కూకున్నాడు. రాళ్ళు ఇసురుతున్నాడు."

"తగిలిందేటి?"

"నాకు తగల్లేదు."

"ఓలమ్మా! స్కానింగులో నీ కిడ్నీలో రాళ్ళు లేవన్నారు కదా. ఆడి దగ్గరున్నాయన్నమాట."

రోజలిన్‌కి మూత్రంలో మంట. సందునిండా ఎప్పుడూ తాగుబోతులూ, తొంగిచూసేవాళ్ళూ. అందుకని పగలంతా నీళ్ళు ముట్టకుండా, ఇంటికెళ్ళేదాకా బిగబట్టేది. మాత్రలు వేసుకుంటే మంట పోయేది, మళ్ళీ పుట్టింటికొచ్చినట్టు వచ్చేది.

సెల్లుఫోనుకి ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్త రోజులవి. ఆ ఫోనొకటి, మెడలో టై ఒకటి తగిలించుకుని ఆ వారమే సురేష్ బాబు దిగాడు. రోజలిన్‌కి తమ్ముడి వరస. చర్చి బయట మనిషి దొరికితే, చెప్పులు వేసుకునేలోగా పొడి డబ్బా అంటగట్టే రకం.

"మందు కాదక్కా, సప్లిమెంటు. క్రాన్‌బెర్రీ అని, సీమ పండు పొడి."

"సప్లై మంటా? మంట దీనికి ఎలాగూ ఉంది. మళ్ళీ సప్లై ఎందుకురా?" అంది మరిడమ్మ. "బర్రె పొడంట. పూటకెన్ని పాలిత్తాది?"

"నవ్వకు పిన్నీ. అక్కా, పూటకో చెంబుడు నీళ్ళతో తాగాల. అదే కిటుకు."

చెంబుడు నీళ్ళు తాగాక సందుకి వెళ్ళక తప్పదు. వెళ్ళింది.

రాళ్ళోడు గోడమీదే ఉన్నాడు. చిరిగిన ఖాకీ నిక్కరు, పక్కన రాళ్ళ కుప్ప. ముఖం రోడ్డువైపు, వీపు ఇటువైపు. ఊరేదని అడిగినవాడికి రాయే జవాబు.

రాళ్ళు పడుతూనే ఉన్నాయి. ఒక తాగుబోతు ముందుపళ్ళు ఊడి చేతిలో పడ్డాయి. పోస్టర్లు అంటించేవాడి మోకాలు చితికింది.

"మనకొక్కటీ తగల్లేదు, వింత కాదేటే?" అంది మరిడమ్మ.

"నేను ప్రార్థన సేసుకుని మరీ ఎళ్తన్నాను పిన్నీ."

"మనమెళ్తే ఈపు తిప్పుకు కూకుంటాడు. ఎంత పొగరో."

నెల తిరక్కుండా మంట చల్లారింది. రోజలిన్ ఆదివారం చర్చిలో లేచి నిలబడి పొడి గురించి సాక్ష్యం చెప్పింది. సురేష్ బాబు డబ్బాలు చెప్పులు విడిచేచోటే అయిపోయాయి.

ఆ సంబరంలో కొట్టుకి కొత్త డబ్బా తెచ్చిచ్చి, అతను కూడా సందులోకి దూరాడు. లోపల మరిడమ్మ ఉందని తెలీదు.

రాయి సరిగ్గా కనుబొమల మధ్య తగిలింది.

నెత్తురు ముక్కుమీంచి టై మీదికి కారుతుంటే, తూలుకుంటూ కొట్టులోకొచ్చాడు. రోజలిన్ చేతిలో ఇనప గజంబద్ద ఉంది.

"ఇలాగియ్యక్కా."

ఇచ్చింది.

బజారు బజారంతా వెనకాలే వెళ్ళింది. రాళ్ళోణ్ణి కాలు పట్టి గోడమీంచి ఈడ్చారు. తల వాడి రాళ్ళ కుప్పకే తగిలింది. కొలవడానికున్న బద్ద కొలత లేకుండా పడింది. మోచెయ్యి చెరుకుగెడలా ఫటేలుమంది. గుప్పిట్లో రాయున్నా వాడు విసరలేదు. ఉన్న ఒక్క చేత్తో మళ్ళీ గోడెక్కబోయాడు. ఎక్కినకొద్దీ లాగారు.

"సచ్చిపోతాడ్రా," అన్నారెవరో.

"ఆడోళ్ళెళ్ళే సోట రాళ్ళేసీవోడు బతికేటి సేత్తాడు? ఇంకో రెండెయ్యి," అంది రోజలిన్.

ఇంకో రెండు కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా వేశాడు సురేష్ బాబు.

పోలీసులొచ్చేసరికి చూసినవాడు లేడు. పొడికి సాక్ష్యం చెప్పిన నోరు దీనికి తెరుచుకోలేదు. పెద్దాసుపత్రిలో వాడు పోయాడని మర్నాడు కానిస్టేబులు చెప్పి, రెండు జేబురుమాళ్ళు బేరమాడి కొనుక్కెళ్ళాడు. వాటిని రోజలినే మడతపెట్టి ఇచ్చింది.

తర్వాత చెంబుడు నీళ్ళతో పొడి తాగి సందుకి వెళ్ళింది.

గోడ ఖాళీ. సందునిండా మగాళ్ళు.

"రాయే, రా. ఇప్పుడు రాళ్ళు లేవు," అన్నాడు ముందుపళ్ళు లేనివాడు, దారికి అడ్డంగా నిలబడి.

వెనక్కొచ్చేసింది. బిగబట్టింది. మర్నాడూ అంతే. చెంబు మానేసింది. వారం తిరిగేసరికి లోపల నిప్పులు.

"డోసు పెంచక్కా," అన్నాడు సురేష్ బాబు, నుదుటి కుట్లు తడుముకుంటూ.

మరిడమ్మ సూది ఆపింది. "ఓలే, ఆ మొదటిరోజు నీ సెవి పక్కనుంచి పోయిన రాయి ఎక్కడ పడిందే?"

రోజలిన్ పొడి డబ్బాకి మూత బిగించేసింది.

ఆవేళ తను పరిగెడుతుంటే వెనకాల, చాలా దగ్గరగా, "అబ్బా" అని ఒక మగ గొంతు వినిపించింది.

కడిగి బల్లమీద పెట్టిన గజంబద్ద పక్కనే, సగం పొడితో డబ్బా అలాగే ఉంది.

తన మంటకి పనిచేసిన మందు ఏనాడూ ఆ డబ్బాలో లేదు; ఇటు వీపు పెట్టి, గోడమీద కూర్చుని ఉండేది.