ఆఖరి దీవి

"ఇంటర్వెల్ అయిందిగా, ఇక వెళ్లిపోదాం అమ్మమ్మా" అంది కీర్తన.

పద్మావతమ్మ తెల్లబోయి మనవరాలి వంక చూసింది. "ఇదేం చోద్యమే! చల్లపల్లి నుంచి బస్సులో ఒళ్లు హూనం చేసుకుని పటమట దాకా వచ్చింది సగం సినిమా చూడ్డానికా?"

"కడుపులో నొప్పిగా ఉంది."

"రెండో సమోసా తినేటప్పుడు లేదే ఆ నొప్పి!"

కీర్తన తల దించుకుంది. నొప్పి అబద్ధం. భయం మాత్రం నిజం.

అది పిల్లల పాత నవలల్ని కలిపి తీసిన సినిమా. పొగమంచులో పడవ వేసుకుని వెళ్లిపోయిన అమ్మ కోసం నీనా అనే పిల్ల దీవి తర్వాత దీవి వెతుక్కుంటూ పోతుంది. ఆ నవలల తెలుగు పుస్తకాలు కీర్తనకు వాళ్లమ్మ సింధూరి పెట్టెలో దొరికాయి. సింధూరి నిరుడు జ్వరంతో పోయింది. అప్పటికే శుక్లాలు ముదిరి పద్మావతమ్మకు అక్షరాలు ఆనడం లేదు. సాయంత్రాలు కీర్తనే చదివి వినిపించేది.

ఆఖరి పుస్తకంలో, ఆఖరి దీవి మీద, నీనాకు అమ్మ దొరకదు. ఒడ్డున అమ్మ శాలువా ఒక్కటే దొరుకుతుంది. అక్కడికొచ్చి తలెత్తితే ఎదురుగా అమ్మమ్మ ముఖం. కీర్తన నోరు దానంతటదే వేరే చదివేసింది. అమ్మ వచ్చింది. నీనాను ఎత్తుకుంది. ఆ పూట అమ్మమ్మ చాన్నాళ్లకు కడుపునిండా అన్నం తింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగిందో, "ఆ చివర మళ్లీ చదవవే" అని.

ఇప్పుడు ఆపరేషన్ అయింది. కొత్త చూపుతో మొదట చూసేది ఈ సినిమానే అని పట్టుబట్టి వచ్చింది.

లైట్లు ఆరాయి. తెర మీద తెల్ల ఎలుగుబంటి, "ఏంది పాపా, ఒక్కదానివే బయల్దేరావ్?" అని అడిగింది. హాలంతా నవ్వింది.

"అచ్చం మన పాలకేంద్రం బాలశౌరి గొంతేనే!" అని పద్మావతమ్మ కూడా నవ్వింది. కీర్తనకు నవ్వు రాలేదు. పడవ ఆఖరి దీవికి దగ్గరవుతోంది.

కీర్తన సంచిలోంచి అమ్మమ్మ కంటి చుక్కల మందు తీసింది. చుక్కలు వేశాక కాసేపు కళ్లు మూసుకోవాలి. "అమ్మమ్మా, చుక్కలు వేసుకునే వేళయింది. తల వెనక్కి పెట్టు."

"ఇంటికెళ్లాక చూద్దాంలే."

"డాక్టరుగారు తిడతారు!"

"తిడితే నన్నేగా తిట్టేది? ఊరుకో." పద్మావతమ్మ ఆ సీసా తీసుకుని సంచిలో వేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

పడవ ఆగింది. నీనా ఒడ్డున పరుగెత్తింది. ఇసుకలో సగం కూరుకుపోయిన శాలువా తీసి ముఖానికి అద్దుకుంది. హాల్లో చిన్న పిల్లెవరో "అమ్మేదీ?" అని పైకే అడిగింది.

కీర్తన ఆగలేకపోయింది. "తప్పుగా తీశారు అమ్మమ్మా! సినిమావాళ్లు మార్చేశారు. పుస్తకంలో వాళ్లమ్మ వస్తుంది. నేను చదివాగా... వస్తుందిగా..." అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

పద్మావతమ్మ మనవరాలిని దగ్గరకు లాక్కుని, కొంగుతో ముఖం తుడిచింది.

"వస్తుందే. మనింట్లో ఎప్పుడూ వస్తుంది" అంది మెల్లగా. "మీ అమ్మకి నీ ఈడప్పుడు ఆ పుస్తకం చదివి వినిపించింది నేనేనే. అక్కడికొచ్చేసరికి దాని ముఖం చూడలేక, నేనూ ఇలాగే మార్చి చదివాను."