పైగది లైటు

రేపల్లె రొయ్యల షెడ్డులో పైగది అద్దం వెనక లైటు వెలుగుతుంటే ఓనరుగారు చూస్తున్నట్టే లెక్క. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లెవరూ అప్పుడు తలెత్తరు.

ఆ రోజు నాగేంద్రమ్మకు కబురొచ్చింది. కూతురు తెనాలి ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతోందట.

"ఇప్పుడు లేస్తే రేపట్నించి రావద్దంటారమ్మా" అంది.

ఆఫీసులో టైపు చేసే నేను, అడిగి వస్తానని మెట్లెక్కాను. గదిలో ఎవరూ లేరు. కుర్చీ నిండా దుమ్ము, దాని చేతుల మీద సాలెగూడు. పొద్దున్నే వాచ్‌మన్ వేసి వెళ్లిన లైటు ఆర్పేసి దిగాను.

"పైన ఎవరూ లేరు పిన్నీ. ఆ కుర్చీలో కూర్చుని ఎన్నాళ్లయిందో. నువ్వెళ్లు."

ఆమె తలెత్తలేదు. చేతులు ఇంకా వేగంగా కదిలాయి.

"మెల్లిగా మాట్లాడమ్మా. లైటార్పి చూస్తున్నారు."