చిలక నేర్చిన కొత్త మాట

"దొంగ!" అంది చిలక.

టైలరు షాపంతా ఘొల్లుమంది.

టైలరైతే కత్తెర పక్కన పడేసి, కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వడా మరి! బాదంపప్పు ఆశ చూపించి చూపించి, ఆ ఒక్క మాట పలికించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అది మామూలు చిలక కాదు. ఆఫ్రికా చిలక. ఒళ్ళంతా బూడిద రంగు, తోక మాత్రం నిప్పు ముక్క. పక్షుల షాపులో ముచ్చటపడి కొన్నాడు. పిల్లల్లేని ఇల్లేమో, తెచ్చిన రోజు నించీ టైలరు పెళ్ళాం దాన్ని "అమ్మడూ" అనే పిలుస్తోంది.

ఇంతకీ దొంగెవరంటారా?

అదిగో, అద్దాల తలుపు అవతల నిలబడ్డ పెద్దాయన. ముక్కూ మూతీ గుడ్డతో బిగించి కట్టుకుని, రోజూ సాయంత్రం వచ్చేవాడు. బట్టలు కుట్టించుకోడు. లోపలికి రాడు. చిలకనే చూస్తూ నిలబడేవాడు.

మొదట్లో టైలరు బాగానే పలకరించాడు.

"లోపలికి రండి బాబాయ్, చూడ్డానికి టికెట్టేం లేదు."

"వద్దు బాబూ. నేను లోపలికి రాకూడదు."

"ఏం, మా ఆవిడ కరుస్తుందనా?"

ఆయన కళ్ళతోనే నవ్వాడు.

"దారం అయిపోయిన అట్ట రీళ్ళుంటే దానికి వెయ్యండి. కొరుక్కుంటుంది. ఊసుపోకపోతే ఒళ్ళు పాడుచేసుకుంటుంది."

టైలరు పెళ్ళానికి మాత్రం ఒళ్ళు మండేది.

"ఏవండీ, మీకు బొత్తిగా లోకజ్ఞానం లేదు. వాడు చూసేది చిలకని కాదు, పంజరం తాళాన్ని. పనీపాటా లేకుండా మూతికి గుడ్డ కడతారా ఎవరన్నా?"

దానికి తోడు, ఆయన కనబడితే చాలు, చిలక చువ్వల దగ్గరకొచ్చి తల కిందికి వంచేసేది. మెడ మీద ఈకలన్నీ లేపేసేది.

"చూశావుటే, హడలి చస్తోంది పాపం" అన్నాడు టైలరు. "ఉండు, దాని నోటితోనే తరిమిస్తా."

అలా పుట్టింది ఆ పరాచికం.

"దొంగ! దొంగ!" అని మళ్ళీ అరిచింది చిలక.

అద్దం అవతల పెద్దాయన ఇంకాస్త దగ్గరగా జరిగి చెవి ఒగ్గాడు. ఇంతలో దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

"పీడ విరగడైంది" అంది టైలరు పెళ్ళాం.

ఎక్కడ విరగడైంది? అప్పుడే మొదలైంది.

సాయంత్రమైతే చిలక తలుపు వైపు తిరిగి కూచునేది. "దొంగా... దొంగా..." అనేది. అరుపు కాదది. పిలుపు. ఎవరూ రాకపోయేసరికి ముక్కుతో ఒక ఈక పీక్కునేది. కాసేపాగి ఇంకోటి.

టైలరు పిల్లిలా కూశాడు. కోతిలా గెంతాడు. పెళ్ళాం చీర నెత్తిన కప్పుకుని నాట్యం కూడా చేశాడు. వీధిలో వాళ్ళు నవ్వారు గానీ, చిలక అటు చూడను కూడా లేదు.

గింజ ముట్టదు. గుండె మీద ఒక్క ఈక లేదు. గులాబీ రంగు తోలు బయటపడింది.

టైలరు పెళ్ళాం గోడు గోడున ఏడ్చింది.

"ఏదో ఒకటి చెయ్యండీ!"

"ఏం చెయ్యనే? చొక్కా అయితే మాసికేసి ఇద్దును."

పక్షుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరమ్మ అంతా విని తల కొట్టుకుంది.

"తల వంచి మెడ ఈకలు విప్పడం భయం కాదయ్యా. నిమరమని అడగడం. బాగా మాలిమైన మనిషిని తప్ప అడగదు."

"మందివ్వండమ్మా."

"ఆ మనిషే మందు. తీసుకురా."

ఎక్కణ్ణించి తెస్తాడు? పేరడిగిందెప్పుడు? వీధి వీధీ తిరిగాడు. "మూతికి గుడ్డ కట్టుకునే పెద్దాయన" అంటే టీ కొట్టువాడు ఎగాదిగా చూశాడు. మందుల షాపువాడు అసలు చూడనే లేదు.

చివరికి పక్షుల షాపులో వెళ్ళి పడ్డాడు.

"ఆయనా! ఆ చిలకని గుడ్లోంచి వచ్చిన నాటి నించీ పెంచింది ఆయనే కదన్నా" అన్నాడు షాపువాడు. "దాని ఒంటి మీద పిండిలాంటి పొడి రాలుతుంది చూడు, అది ఊపిరితిత్తుల్లో చేరింది. పక్షో ప్రాణమో తేల్చుకోమన్నారు డాక్టర్లు. అందుకే నా దగ్గర పెట్టారు."

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా! బయట కుర్చీ వేసి కూచోబెట్టేవాణ్ణిగా!"

"చెబితే మీరు పరాయి బిడ్డని పెంచుతున్నట్టు బెరుకు పడతారని ఆయన భయం."

"సరే, ఆ ఇల్లెక్కడో చూపించు. కాళ్ళ మీద పడి తీసుకొస్తా."

షాపువాడు చేతిలో గింజల డబ్బా కింద పెట్టాడు.

"ఇంకెక్కడి ఇల్లన్నా. ఊపిరాడక పోయారుగా. ఆఖరిసారి మీ షాపు నించి తిన్నగా మా గుమ్మం దాకా వచ్చారు. 'కొత్త మాట నేర్చిందయ్యా, ఎంత స్పష్టంగా పలికిందో!' అని ఒకటే మురిసిపోయారు. ఏం మాటన్నా అది?"

టైలరు గింజల డబ్బా వైపు తల తిప్పేసుకున్నాడు.

షాపువాడు తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు.

"దానికోసం ఎంతోమంది వచ్చారన్నా. అందర్నీ వద్దన్న మనిషి, ఆరోజు నువ్విక్కడ నిలబడి పరాచికాలాడుతుంటే బయట నించి విని, 'ఇతనికే ఇవ్వు, ఆ ఇంట్లో అయితే అది రోజూ నవ్వులు వింటుంది' అన్నారు."