రెండో ఫొటో

తల్లి ఫొటో ఒక్కటే ఉంది. అందులో ఆమె కుర్చీలో కూర్చుంటే, కొడుకూ కూతురూ చెరోపక్క నిలబడి ఉంటారు. ఆమె పోయాక అది ఒక ఏడు బేతంచెర్లలో కొడుకు మద్దిలేటి దగ్గర, ఒక ఏడు కోసిగిలో కూతురు సుంకమ్మ దగ్గర ఉండేది.

సుంకమ్మను ఆమె భర్త పుట్టింటికి పంపేవాడు కాదు. పుట్టింటివాళ్లు వస్తే మొహం తిప్పుకునేవాడు. చనిపోయిన అత్త ఫొటోకు మాత్రం కాదనలేకపోయాడు. అందుకే ప్రతి ఉగాదికీ మద్దిలేటి గుంతకల్లులో రైలు మారి, దాన్ని ఇవ్వడానికో తీసుకుపోవడానికో వచ్చేవాడు.

ఈ ఉగాదికి అతను కాళ్లు కడుక్కుని కూర్చోగానే సుంకమ్మ భర్త రెండు ఫొటోలు తెచ్చి మంచం మీద పెట్టాడు.

“కర్నూలు రాజధాని అయినాక అన్నీ దొరుకుతాండాయి బావా. స్టూడియోలో ఇంగొకటి తీపిచ్చినా. నీకొకటి, దీనికొకటి. ఇంక ఏటేటా నీకీ తిరుగుడు తప్పింది.”

సుంకమ్మ చేతిలో ఓళిగల పళ్లెం అలాగే ఉండిపోయింది.

“మంచి పని చేసినావు,” అన్నాడు మద్దిలేటి.

స్టేషనుకు బండి కట్టడానికి భర్త బయటికి వెళ్లాక, అతను గొంతు తగ్గించాడు.

“నేనూ ఒకటి తీపిచ్చి నాలుగేండ్లాయ సుంకీ. పెట్టె అడుగున దాచిపెట్టినా. ఎవురికీ చెప్పలే.”

సుంకమ్మ రెండు ఫొటోలూ అతని సంచిలోకి తోసింది.

“రెండూ తీసకపో. పొరపాటున వచ్చిందని ఒకటి మళ్ల తెద్దువు.”

“అది ఒక్కసారికే గదమ్మా.”

“ఆ ఒక్కసారన్నా రా.”