పదకొండో అంశం

“వద్దనేవాళ్లు చేతులెత్తండి” అంది పురపాలక సభలో నగరాధ్యక్షురాలు శైలజాతాయి నిమ్‌కర్.

పన్నెండు చేతులు లేచాయి. పదమూడోది దత్తోబా శిరసాట్‌ది. అది మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

“దాదా!” పక్క కుర్చీలోంచి ఇందుతాయి ఖరాత్ మోచేత్తో పొడిచింది. “నిద్రపోతున్నావా? ఎత్తు చెయ్యి.”

దత్తోబా తన చేతివైపు చూసుకున్నాడు. ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా కనిపించింది. ఎత్తలేదు.

పొద్దుటి నుంచి ఇంటి పన్ను, దుకాణాల లైసెన్సు ఫీజు, సోమవారం సంతలో తట్టకింత అని వసూలు చేసే రుసుము వగైరా పది అంశాలూ కేకల మధ్యే గట్టెక్కాయి. మిగిలింది పదకొండోది. శ్మశానంలో దహనానికి తీసుకునే ఐదువందల్ని రెండు వేలు చెయ్యాలన్నది. దాన్ని అడ్డుకోవడానికి రెండు నెలలుగా బీడీలు చుట్టేవాళ్ల వాడంతా తిరిగి సంతకాలు పోగుచేసింది దత్తోబాయే. పోయిన సభలో “చచ్చినవాణ్ణి కూడా వదలరా?” అని అరిచి మైకు విరగ్గొట్టినంత పని చేసిందీ ఆయనే.

“శిరసాట్ దాదా, అటా, ఇటా?” శైలజాతాయికే నమ్మకం కుదరక మళ్లీ అడిగింది.

“ఎటూ కాదు.”

అటు పన్నెండు, ఇటు పన్నెండు. అధ్యక్షురాలు పెంచాలన్న వైపు తన ఓటు కలిపింది. “ఆమోదించడమైనది. ఈ రోజు నుంచే అమలు” అని చదివేసింది. పాలకపక్షం వాళ్లు బల్లలు చరిచారు. “దత్తోబాకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది, పేడా మిఠాయిలు తెప్పించండర్రా!” అన్నారెవరో వెనక వరసలోంచి.

సభ ముగిసింది. అటుకుల పోహా ప్లేట్లు వచ్చాయి. ఒకటి దత్తోబా చేతిలో పెట్టారు. ఆయన తీసుకున్నాడు. కింద పెట్టాలనిగాని, తినాలనిగాని తోచక దాన్ని పట్టుకునే మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఇందుతాయి వెంటపడింది.

“ఎంతిచ్చారు?”

“ఎవరు?”

“నన్నడుగుతావేం? ఫోనొచ్చింది, బయటికెళ్లావ్. రెండు నిమిషాల్లో తిరిగొచ్చావ్. అప్పట్నించీ నువ్వు నువ్వు కాదు. ఎవరిదా ఫోను? ఎంతన్నారు?”

“ఎవరూ ఏమీ ఇస్తామనలేదు తాయీ.”

“మరి చేతికేమొచ్చింది? చచ్చుబడిందా?”

దత్తోబా మెట్టు మీద ఆగాడు. చిన్నప్పుడు బట్టీపట్టిన పాఠం గుర్తు చేసుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు: “తనకి లాభం వచ్చే విషయంలో సభ్యుడు ఓటెయ్యకూడదు. చట్టంలో ఉంది.”

“విన్నారా!” ఇందుతాయి మెట్ల మీద వస్తున్నవాళ్లందరి వైపూ తిరిగింది. “లాభం ఉందని ఆయనగారు నోటితోనే ఒప్పుకుంటున్నారు. సిగ్గులేదు దాదా నీకు? ఆ ఆడవాళ్లు నీ కాగితం మీద వేలిముద్రలేశారు. రెండు వేలంటే వాళ్లు పది రోజులు బీడీలు చుట్టాలి. పది రోజులూ శవాన్ని ఇంట్లో పెట్టుకోమంటావా?”

“నిజమే” అన్నాడు దత్తోబా.

ఆ జవాబుకి ఆమె ఒళ్లు ఇంకా మండింది. ఆయన నడుస్తూనే ఉన్నాడు. గేటు వైపు కాకుండా ఎడమకి తిరిగి, జనన మరణాల విభాగం కిటికీ ముందు ఆగాడు. పోహా ప్లేటు గట్టు మీద పెట్టాడు.

“రండి దాదా” అన్నాడు గుమాస్తా బబన్. “మీ వార్డులో ఎవరైనా పోయారా?”

దత్తోబా తలూపాడు.

బబన్ గొంతు తగ్గించాడు. “కొత్త రేటు కాగితం పైనుంచి నాదాకా రాలేదింకా. పాత రేటుకే రాసేస్తాను. మీరొచ్చాక ఎవడడుగుతాడు?”

“వద్దు. రెండు వేలకే రాయి.”

“చూడు బబన్, చూసి నేర్చుకో!” ఇందుతాయి కిటికీ చెక్క మీద ఫెడీమని కొట్టింది. “ఓటు అమ్ముకుంటే చాల్లేదు. మొదటి రసీదు కూడా దగ్గరుండి చింపిస్తున్నాడు. ఏదీ, ఆ ఇంటివాళ్లని పిలు దాదా. వాళ్ల మొహం చూసి చెప్పు, రెండు వేలని.”

బబన్ ఇద్దర్నీ ఒకసారి చూసి, మనకెందుకన్నట్టు పుస్తకం తెరిచాడు.

“పేరు?”

“కౌసల్య.”

“వయసు?”

“యాభై నాలుగు. ఫిబ్రవరి వస్తే యాభై ఐదు.”

“శవం ఎక్కడుంది?”

“దార్లో. బస్సులోనే గుండె ఆగిపోయిందట. ఒంటిగంటకల్లా తీసుకొచ్చేస్తామన్నారు.”

ఇందుతాయి గొంతు కాస్త దిగింది. “అయ్యో, పెద్ద వయసేం కాదే. ఎవరి తాలూకు?”

“భర్త పేరు?” బబన్ తలెత్తకుండానే అడిగాడు.

దత్తోబా చొక్కా జేబులోంచి నాలుగు నోట్లు తీసి కిటికీలోకి జరిపాడు.

“నా పేరే రాయి.”